పాత లాప్‌టాప్ మీద ఈమాక్స్ 30: తెలుగు రాతకి, కోడ్ రాతకి ఎంతవరకు?

ముందే చెప్పెయ్యాలంటే, ఇంగ్లీషులో కోడ్ మాత్రమే రాసుకునేవాళ్ళకి ఈమాక్స్ అనే ఎడిటర్ తప్పనిసరి కాదు. వీఎస్ కోడ్‌తో పని జరిగిపోతుంది, అలవాటు పడడానికి వారం కూడా పట్టదు. తెలుగు ఫైళ్ళతో రోజూ కుస్తీ పట్టేవాళ్ళ సంగతి వేరు. విజయనగరంలో తెలుగు ప్రశ్నపత్రాలు తయారుచేసే మాస్టార్లు, శ్రీకాకుళం జిల్లా మండలాల జాబితాలు సరిచూసే ఆపరేటర్లు, పాత డీటీపీ ఫైళ్ళని యూనికోడ్‌లోకి తెచ్చుకుంటున్నవాళ్ళు, ఎచ్చెర్లలోనో రాజాంలోనో తెలుగు డేటాతో ప్రాజెక్టు చేస్తున్న పిల్లలు: వీళ్ళకి దీనికి సాటి వచ్చే ఎడిటర్ కనబడదు. మన లిపికి ఉండే చిన్న చిన్న చిక్కులు ఏ పెద్ద కంపెనీ పనుల జాబితాలోనూ పైకి రావు. ఈమాక్స్‌లో మాత్రం ఎడిటర్ నడుస్తూండగానే మూత తీసి, ఆ చిక్కు మనమే విప్పుకోవచ్చు. దాని బలం అదే. పాడైపోయేదీ ఆ దారిలోనే.

పాత సరుకే. 1976లో ఎంఐటీలో టెకో అనే ఎడిటర్‌కి మాక్రోల కట్టగా మొదలైంది, 1985లో రిచర్డ్ స్టాల్‌మన్ జీఎన్‌యూ ఈమాక్స్‌గా బయటికి ఇచ్చాడు. లోపల సీ భాషలో రాసిన చిన్న యంత్రం, దాని మీద ఈమాక్స్ లిస్ప్ అనే దాని సొంత భాషలో రాసిన మిగతా ఇల్లంతా. బాణం మీట నొక్కితే కర్సర్ కదలడం కూడా ఒక లిస్ప్ ఫంక్షన్ పనే. కంట్రోల్-హెచ్ కొట్టి కె కొట్టి ఏ మీటైనా నొక్కండి, దాని వెనక ఏ ఫంక్షన్ ఉందో చెబుతుంది. ఆ పేరు మీద నొక్కితే మూలం తెరుచుకుంటుంది, మార్చుకోవచ్చు. పైసా ఖర్చు లేదు, జీపీఎల్ లైసెన్సు.

ఏ వెర్షన్ అన్నది ఇక్కడ ముఖ్యం. 30.1 వెర్షన్ 2025 ఫిబ్రవరిలో వచ్చింది. ఉబుంటు 22.04లో ఆప్ట్‌తో వేస్తే 27.1 వస్తుంది, 24.04లో 29.3, డెబియన్ 12లో 28.2, డెబియన్ 13లో 30.1. తెలుగు కోసమైతే 27 కింద దేన్నీ ముట్టుకోవద్దు. ఒత్తులు, గుణింతాలు కూర్చే పని హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీకి అప్పగించింది ఆ వెర్షన్‌లోనే. కోడ్ కూడా రాసేవాళ్ళకి 29 కావాలి. ఎగ్లాట్ (భాషా సర్వర్లతో మాట్లాడేది), ట్రీ-సిట్టర్ (కోడ్ నిర్మాణం చదివేది), యూజ్-ప్యాకేజ్ (ప్యాకేజీలు అమర్చేది) అందులోంచే లోపల కలిసి వస్తున్నాయి.

ఫాంట్ దగ్గర మొదటి తలనొప్పి

వేసిన వెంటనే తెలుగు ఫైల్ తెరిస్తే రెండు రకాల అపశకునాలు ఉంటాయి. అక్షరాల బదులు డబ్బాలు కనబడితే ఫాంట్ లేదు. అక్షరాలు ఉన్నా ఒత్తులు పక్కకి జారి కూర్చుంటే కూర్పు జరగట్లేదు. ఏదో తేల్చుకోడానికి కర్సర్‌ని ఆ అక్షరం మీద పెట్టి కంట్రోల్-యు, కంట్రోల్-ఎక్స్, ఈక్వల్స్ కొట్టాలి. ఏ ఫాంట్ వాడుతోందో, ఏ కోడ్ పాయింట్లు (యూనికోడ్ నంబర్లు) కలిసి ఆ అక్షరమైందో వివరంగా చూపిస్తుంది. లైనక్స్‌లో ఫాంట్ పేరు ముందు ఎఫ్‌టీసీఆర్‌హెచ్‌బీ అని ఉంటే హార్ఫ్‌బజ్ పనిచేస్తున్నట్టే.

విండోస్‌లో నిర్మలా యూఐ ఉంటుంది, అది చాలు. లైనక్స్‌లో నోటో సాన్స్ తెలుగు వేసుకుని, సెట్-ఫాంట్‌సెట్-ఫాంట్ అనే ఫంక్షన్‌తో తెలుగు లిపికి ఆ ఫాంటే వాడమని ఇనిట్ ఫైల్లో (ఎడిటర్ తెరుచుకుంటూ చదివే అమరికల ఫైల్లో) ఒక్క లైన్ రాస్తే సరిపోతుంది. గురజాడ పేరుతోనే ఒక ఉచిత ఫాంట్ ఉంది, విజయనగరం వాళ్ళకి మోజుగా ఉంటుంది గానీ అది శీర్షికలకే బాగుంటుంది, రోజంతా చదవడానికి మండలి నయం.

తెలుగు లైన్లు వచ్చినచోట లైను ఎత్తు పెరిగి పేజీ గంతులేస్తున్నట్టు ఉంటుంది. కిందికి దిగే ఒత్తులకి చోటు కావాలి కదా. ఫేస్-ఫాంట్-రీస్కేల్-ఆలిస్ట్‌లో తెలుగు ఫాంట్‌కి 0.9 ఇస్తే ఇంగ్లీషు పక్కన కుదురుగా కూర్చుంటుంది. 0.85 కంటే తగ్గిస్తే చిన్న తెరల మీద వట్రసుడి, పొల్లు ఆనవు.

ఎడిటర్‌ని డీమన్‌గా, అంటే తెర వెనక ఎప్పుడూ నడిచేలా, నడిపేవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. ఇనిట్ ఫైల్ చదివే సమయానికి విండో ఇంకా పుట్టదు, కాబట్టి ఫాంట్ లైన్ ఉన్నా దాని ఫలితం దక్కకపోవచ్చు. ఆ లైన్‌ని సర్వర్-ఆఫ్టర్-మేక్-ఫ్రేమ్-హుక్‌కి తగిలించాలి (హుక్ అంటే ఫలానా పని జరిగినప్పుడు నడవాల్సిన ఫంక్షన్ల జాబితా). "నిన్న బాగుంది, ఇవాళ ఏటైందో" అనే ఫిర్యాదుల్లో ఇదొకటి.

టెర్మినల్ లోపల నడిపితే మాత్రం ఆశ వదులుకోవాలి. అక్కడ అక్షరాలు కూర్చేది టెర్మినల్, ఈమాక్స్ కాదు. చాలా టెర్మినళ్ళలో "శ్రీ" ముక్కలై పోతుంది. కాలేజీ సర్వర్ మీద ఫైల్ ఉంటే, అక్కడికి వెళ్ళి ఈమాక్స్ తెరవకుండా మన దగ్గరి ఈమాక్స్‌లోంచే ట్రాంప్ అనే సౌకర్యంతో ఆ ఫైల్ తెరవాలి. ఫైల్ పేరు ముందు ఎస్ఎస్‌హెచ్, యూజర్ పేరు, సర్వర్ పేరు చేరుస్తాం, అంతే. విండోస్‌లో ఎస్ఎస్‌హెచ్ బదులు ప్లింక్.

తెలుగు కొట్టడం

కంప్యూటర్ కీబోర్డు లేఅవుట్‌నే తెలుగుకి మార్చి ఈమాక్స్ వాడకండి. ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్‌లో ఎక్స్ మీట మీద సున్నా (ం) ఉంటుంది. కంట్రోల్-ఎక్స్ కొడితే ఎడిటర్‌కి అందేది కంట్రోల్-సున్నా, అలాంటి కమాండ్ లేదని అది తిప్పికొడుతుంది. సేవ్ కూడా చెయ్యలేరు. లేఅవుట్ ఇంగ్లీషులోనే ఉంచి, ఈమాక్స్ లోపలి ఇన్‌పుట్ పద్ధతి వాడాలి. కంట్రోల్-బ్యాక్‌స్లాష్ కొడితే తెలుగు, మళ్ళీ కొడితే ఇంగ్లీషు. కమాండ్లు మాత్రం ఎప్పుడూ ఇంగ్లీషు మీటలతోనే నడుస్తాయి. వెతికేటప్పుడు, అంటే కంట్రోల్-ఎస్ లోపల కూడా ఇదే మీట పనిచేస్తుంది.

తెలుగుకి రెండు పద్ధతులు ఉన్నాయి: ఇన్‌స్క్రిప్ట్, ఐట్రాన్స్. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే ఆర్‌టీఎస్ పద్ధతి అలవాటున్నవాళ్ళు ఐట్రాన్స్ ఎంచుకున్నా ఎ-ఏ, ఒ-ఓల దగ్గర తడబడతారు, కాబట్టి కంట్రోల్-హెచ్ కొట్టి పెద్ద ఐ కొట్టి పట్టిక ఒకసారి చూసుకోవాలి. నచ్చని మీట ఉంటే మార్చెయ్యండి. క్వెయిల్-డెఫ్‌రూల్ అనే ఫంక్షన్‌కి మీట, రావాల్సిన అక్షరం, పద్ధతి పేరు ఇస్తే అయిపోతుంది. ఆ పద్ధతి ఒక్కసారైనా ఎక్కాకే ఈ లైన్ నడవాలి, ముందే నడిపితే అలాంటి పద్ధతి తెలీదంటుంది.

చెరిపేటప్పుడు మూడు మీటలు మూడు రకాలుగా ప్రవర్తిస్తాయి. "లక్ష్మి"లో "క్ష్మి" అన్న ఒక్క అక్షరం లోపల ఆరు కోడ్ పాయింట్లు ఉన్నాయి. దాని వెనక నిలబడి బ్యాక్‌స్పేస్ కొడితే గుడి ఒక్కటే పోతుంది. 29 నుంచి డిలీట్ మీట మొత్తం అక్షరాన్ని లేపేస్తుంది. కంట్రోల్-డి కొడితే మొదటి క మాత్రం పోయి, పొల్లు అనాథగా మిగులుతుంది. మధ్యలో దూరి ఒత్తు మార్చాలంటే కంపోజిషన్-బ్రేక్-ఎట్-పాయింట్ అనే అమరికని ఆన్ చెయ్యాలి, కర్సర్ ఉన్నచోట అక్షరం విడిపోయి కనబడుతుంది. ప్రూఫు దిద్దేవాళ్ళకి దీని విలువ తెలుస్తుంది.

సొంత ఫంక్షన్లు: అసలు విషయం

ఈమాక్స్ లిస్ప్‌లో ఫంక్షన్ పేర్లు తెలుగులో పెట్టుకోవచ్చు. లిస్ప్‌కి పేరు ఏ లిపిలో ఉన్నా ఒకటే. డెఫన్ అని రాసి పక్కన "అంకెలు-మార్చు" అని పెడితే, ఆల్ట్-ఎక్స్ కొట్టి, కంట్రోల్-బ్యాక్‌స్లాష్‌తో తెలుగులోకి వచ్చి, అదే పేరుతో పిలవచ్చు. ఫైల్ యూటీఎఫ్-8లో సేవ్ అయి ఉంటే చాలు.

ఆ అంకెల ఫంక్షన్‌తోనే మొదలెట్టడం మంచిది, చిన్నది, అన్ని ఉచ్చులూ అందులోనే ఉన్నాయి. పని: ఎంచుకున్న భాగంలో ౦ నుంచి ౯ దాకా ఉన్న తెలుగు అంకెలన్నీ 0 నుంచి 9 కావాలి. తెలుగు సున్న అంకె కోడ్ 3174, మామూలు సున్న కోడ్ 48. తేడా 3126. ప్రతి తెలుగు అంకె కోడ్‌లోంచి 3126 తీసేస్తే మామూలు అంకె వస్తుంది. ఫంక్షన్ మొదట ఇంటరాక్టివ్ అని రాసి దానికి చిన్న ఆర్ ఇస్తే, ఎంచుకున్న భాగం మొదలు, చివర రెండూ అందుతాయి. సేవ్-ఎక్స్‌కర్షన్ (పని అయ్యాక కర్సర్‌ని పాత చోటికే చేర్చేది) లోపల మొదటికి వెళ్ళి, వైల్ లూప్‌లో రీ-సెర్చ్-ఫార్వర్డ్‌తో వెతికి, రీప్లేస్-మ్యాచ్‌తో మార్చాలి.

ఇక ఉచ్చులు. వెతికే నమూనా చివర "ఎన్నైనా, లేకపోయినా సరే" అనే నక్షత్రం గుర్తు (*) పెడితే, అది ఖాళీకి కూడా సరిపోయి కర్సర్ ముందుకి కదలదు, లూప్ ఎప్పటికీ ఆగదు, ఎడిటర్ బిగుసుకుపోతుంది. కంట్రోల్-జి కొట్టి బయటపడాలి. రెండోది, రీప్లేస్-మ్యాచ్‌కి చివర రెండు టీలు ఇవ్వాలి. మొదటిది అక్షరాల పెద్ద-చిన్న సైజులు ముట్టుకోవద్దని, రెండోది బ్యాక్‌స్లాష్‌ని బ్యాక్‌స్లాష్‌గానే చూడమని. మూడోది, ఇక్కడ ఒక అక్షరం బదులు ఒక అక్షరమే వస్తుంది కాబట్టి భాగం చివర స్థానం మారదు. మాట బదులు పొడుగు మాట పెట్టే ఫంక్షన్ అయితే ఆ స్థానం వెనకబడిపోయి చివరి లైన్లు మారకుండా ఉండిపోతాయి. అప్పుడు చివర స్థానాన్ని కాపీ-మార్కర్‌తో మార్కర్‌గా మార్చుకోవాలి, మార్కర్ టెక్స్ట్‌తోపాటు జరుగుతుంది. సగం జాబితా మారి సగం మారలేదంటే తొంభై పాళ్ళు ఇదే కారణం.

రాసిన ఫంక్షన్ చివరి బ్రాకెట్ తరవాత కర్సర్ పెట్టి కంట్రోల్-ఎక్స్ కంట్రోల్-ఇ కొడితే ఆ క్షణం నుంచే అమల్లోకి వస్తుంది. ఎడిటర్ మూసి తెరవక్కర్లేదు. అడుగడుగూ చూడాలంటే ఫంక్షన్ లోపల ఉండి కంట్రోల్-యు, కంట్రోల్-ఆల్ట్-ఎక్స్ కొట్టండి, తరవాత ఆ ఫంక్షన్‌ని పిలిస్తే ఎడీబగ్ అనే పరీక్షా సాధనం లేస్తుంది. స్పేస్ మీట నొక్కుతుంటే ఒక్కో మెట్టూ నడుస్తూ ప్రతి విలువా చూపిస్తుంది.

రెండో ఫంక్షన్ వరస గురించి. ఈమాక్స్‌లో ఉన్న సార్ట్-లైన్స్ కోడ్ నంబర్ల ప్రకారం పేరుస్తుంది. యూనికోడ్‌లో ళ నంబర్ 3123, వ నంబర్ 3125. బడిలో నేర్పే వరసలో ళ వచ్చేది హ తరవాత. అందువల్ల ఊళ్ళ జాబితా పేరిస్తే కళింగపట్నం ముందు, కవిటి తరవాత వస్తాయి. బడి వరసలో కవిటే ముందు. దీనికి ఒక చిట్కా ఉంది. హ నంబర్ 3129, ఆ వెంటనే 3130, 3131 నంబర్లు యూనికోడ్‌లో ఖాళీగా ఉన్నాయి. పోల్చడానికి మాత్రం ప్రతి లైన్‌కీ ఒక నకలు తయారుచేసి, అందులో ళ బదులు 3130, ఱ బదులు 3131 పెట్టి, నకళ్ళని పోల్చి అసలు లైన్లని పేర్చాలి. సార్ట్-సబ్ర్ అనే ఫంక్షన్ ఇందుకే ఉంది. ముందు నారో-టు-రీజియన్ (ఎంచుకున్న భాగం వరకే పరిమితం) చేసి మొదటికి వెళ్ళాలి, తరవాతి లైన్‌కి ఎలా వెళ్ళాలో ఫార్వర్డ్-లైన్, లైన్ చివరికి ఎండ్-ఆఫ్-లైన్ ఇవ్వాలి, నాలుగో స్థానంలో ఆ నకలు ఇచ్చే మన ఫంక్షన్ పెట్టాలి. పన్నెండు పదమూడు లైన్లు దాటదు. క్ష విషయంలో మాత్రం తగువులాడకండి, అది క కిందే ఉండనివ్వండి. లేదంటే లక్ష్మి ఒక చోట, లక్కీ ఇంకో చోట పడి వెతికేవాడు తిట్టుకుంటాడు.

మూడోది కంటికి కనబడని పురుగు. "సాఫ్ట్‌వేర్" అన్న మాటలో ట్ కింద వ ఒత్తుగా పడకుండా ఆపడానికి మధ్యలో ఒక విడదీసే గుర్తు ఉంటుంది, నంబర్ 8204. ఫోన్లో కొట్టినవాటిలో ఇది కొన్నిచోట్ల ఉంటుంది, కొన్నిచోట్ల ఉండదు, కొన్నిచోట్ల మాట చివర అనవసరంగా వేలాడుతుంది. చూడ్డానికి తేడా తెలీదు, వెతికితే మాత్రం దొరకదు. ఒకే ఊరి పేరు జాబితాలో రెండుసార్లు లెక్కకి వస్తే మొదట అనుమానించాల్సింది దీన్నే. కంట్రోల్-ఎస్ కొట్టి, కంట్రోల్-ఎక్స్ 8 ఎంటర్ కొట్టి, 200 పక్కన సి కొడితే ఆ గుర్తునే వెతకొచ్చు. చెత్త ఏరే ఫంక్షన్ నియమం సులువు: గుర్తుకి ముందు పొల్లు, అంటే 3149, తరవాత క నుంచి హ దాకా ఏదో హల్లు, అంటే 3093 నుంచి 3129 లోపు, ఈ రెండూ ఉంటే ఉంచాలి, లేకపోతే తీసెయ్యాలి.

ఇలాంటి శుభ్రం చేసే ఫంక్షన్‌ని సేవ్ చేసిన ప్రతిసారీ నడిపిద్దామని బిఫోర్-సేవ్-హుక్‌లో అందరికీ వర్తించేలా పెట్టేస్తారు. వద్దు. అంకెలు మార్చే ఫంక్షన్ అలా పెడితే, తెలుగు అంకెలు కావాలని రాసుకున్న ఫైల్ కూడా మారిపోతుంది, అడగదు, చెప్పదు. టెక్స్ట్-మోడ్-హుక్ లోపలినుంచి ఆ బఫర్‌కి (తెరిచిన ఫైల్ ఉండే చోటికి) మాత్రమే తగిలించండి. యాడ్-హుక్‌కి నాలుగో విలువగా టీ ఇస్తే చాలు.

పాత డీటీపీ ఫాంట్ల నుంచి యూనికోడ్‌కి మార్చడం గురించి చాలామంది అడుగుతారు. అక్షరానికి అక్షరం పట్టిక రాసుకుంటే అయిపోతుందనుకుంటే సగం దారిలో ఆగిపోతారు. ఆ ఫాంట్లు కంటికి కనబడే ముక్కల్ని, అంటే తలకట్టు, ఒత్తు, కొమ్ము, విడివిడిగా దాచుకుంటాయి. యూనికోడ్ పలికే క్రమంలో దాచుకుంటుంది. "క్రి"లో గుడి క మీద కూర్చుంటుంది, ర ఒత్తు తరవాత వస్తుంది. యూనికోడ్‌లో గుడి ర తరవాతే రావాలి. కాబట్టి మొదట ముక్కల్ని మార్చి, రెండో విడతలో గుణింతాన్ని ఒత్తుల వెనక్కి జరపాలి. పొడుగు కూటముల్ని ముందు మార్చాలి, పొట్టివాటిని తరవాత. తిరగేసి చేస్తే పొడుగువాటిలో ముక్కలు ముందే కొరికేసి ఉంటాయి.

కోడ్ రాయనివాళ్ళకి మాక్రోలు ఉన్నాయి. ఎఫ్3 కొట్టి పని ఒక లైన్ మీద చేసి ఎఫ్4 కొడితే రికార్డయింది. కంట్రోల్-యు 0 ఎఫ్4 కొడితే ఫైల్ అయిపోయేదాకా అదే పని చేస్తుంది. రికార్డు చేసేటప్పుడు లైన్ మొదటికి రావడంతో మొదలెట్టి, తరవాతి లైన్‌కి దిగడంతో ముగించాలి. అది మరిచిపోతే ఒకే లైన్ మీద రుబ్బుతూ ఉంటుంది. మధ్యలో ఎఫ్3 మళ్ళీ కొడితే వరస సంఖ్య దిగుతుంది, ఓటరు జాబితాలాంటివాటికి నంబర్లు వేసుకోడానికి బాగా పనికొస్తుంది.

మీటలు సొంతంగా కేటాయించుకునేటప్పుడు కంట్రోల్-సి తరవాత ఒక్క అక్షరం, లేదా ఎఫ్5 నుంచి ఎఫ్9 వరకు వాడుకోండి. అవి వాడేవాడికోసం వదిలిన చోటు, ప్యాకేజీలు అందులో వేలు పెట్టవు.

జాబితాలు ఎక్సెల్‌లోకి పంపేవాళ్ళకి ఒక మాట. ఈమాక్స్ ఇచ్చే మామూలు యూటీఎఫ్-8 సీఎస్‌వీని ఎక్సెల్‌లో డబుల్ క్లిక్ చేస్తే తెలుగు బదులు పిచ్చి గీతలు కనబడతాయి. కంట్రోల్-ఎక్స్, ఎంటర్, ఎఫ్ కొట్టి యూటీఎఫ్-8-విత్-సిగ్నేచర్ ఎంచుకుని సేవ్ చేస్తే సరిగ్గా తెరుచుకుంటుంది.

ఏవి పాడవుతాయి

ఇనిట్ ఫైల్ మార్చినా ఏమీ కాకపోతే హోమ్ ఫోల్డర్లో చుక్క-ఈమాక్స్ అనే ఫైల్ ఉందేమో చూడండి. అది ఉంటే చుక్క-ఈమాక్స్-చుక్క-డి ఫోల్డర్లోని ఇనిట్ వైపు ఎడిటర్ కన్నెత్తి కూడా చూడదు. మెనూలోంచి ఏదో ఒక అమరిక సేవ్ చేసినప్పుడు అది పుట్టేసి ఉంటుంది. కస్టమ్-ఫైల్ అనే వేరియబుల్‌కి వేరే ఫైల్ చూపిస్తే మళ్ళీ రాదు. విండోస్‌లో హోమ్ అంటే యాప్‌డేటా లోపలి రోమింగ్ ఫోల్డర్, మీ డాక్యుమెంట్స్ కాదు.

తెరవగానే ఎర్ర అక్షరాలు పడితే డీబగ్-ఇనిట్ అన్న ఎంపికతో తెరవండి, ఏ లైన్లో పడిందో చెబుతుంది. ఏమీ కలపకుండా అసలు ఎడిటర్ ఎలా ఉందో చూడాలంటే పెద్ద క్యూ ఎంపిక. అందులో బాగా నడిచిందంటే తప్పు మనదే. ఇనిట్‌లో సగం మూసి చూడడం, తరవాత అందులో సగం, ఇలా ఏడెనిమిదిసార్లలో వందల లైన్లలోంచి దోషి దొరుకుతాడు.

లిస్ప్ ఫైల్ మొదటి లైన్లో లెక్సికల్-బైండింగ్ టీ అన్న గుర్తు పెట్టండి. అది లేకపోతే లాంబ్డా, అంటే పేరులేని ఫంక్షన్, లోపల బయటి వేరియబుల్ వాడినచోట, ఫంక్షన్ ముగిశాక "వాయిడ్ వేరియబుల్" అంటుంది. కోడ్ చూస్తే తప్పేమీ కనబడదు, గంటలు పోతాయి.

కాలేజీ లాబుల్లో ప్యాకేజీలు దిగకపోడానికి తరచుగా మూడు కారణాలు. ప్రాక్సీ ఉంటే యూఆర్ఎల్-ప్రాక్సీ-సర్వీసెస్‌లో చెప్పాలి. మదర్‌బోర్డు బ్యాటరీ చచ్చిన మిషన్లో తేదీ వెనక్కి పోయి ఉంటుంది, అప్పుడు సర్టిఫికెట్లు చెల్లవంటుంది, గడియారం సరిచేస్తే సరిపోతుంది. పాత ఈమాక్స్‌లో సంతకం సరిపోలేదంటే దానిలోని తాళంచెవుల గడువు తీరింది, జీఎన్‌యూ-ఎల్పా-కీరింగ్-అప్‌డేట్ అనే ప్యాకేజీ ముందు వెయ్యాలి. అసలు ప్యాకేజీలు తక్కువ వెయ్యండి. సెట్టింగులన్నీ కూర్చి ఇచ్చే రెడీమేడ్ కట్టలు చూడ్డానికి సొంపుగా ఉంటాయి గానీ, ఏదైనా విరిగితే ఎవరి కోడ్‌లో విరిగిందో తేలదు.

ట్రీ-సిట్టర్ వ్యాకరణాలు దింపుకోడానికి గిట్, జీసీసీ రెండూ ఉండాలి. కొత్త వ్యాకరణం దింపితే వెర్షన్ కుదరట్లేదని మొండికేస్తే, ట్రీసిట్-లాంగ్వేజ్-సోర్స్-ఆలిస్ట్‌లో ఆ వ్యాకరణం పాత ట్యాగ్ పేరు ఇచ్చి మళ్ళీ కట్టాలి.

వేగం సంగతికొస్తే, 4 జీబీ మిషన్ మీద వీఎస్ కోడ్, బ్రౌజర్ కలిసి ఊపిరాడనివ్వవు, ఈమాక్స్ తేలిగ్గా ఉంటుంది. కానీ పనంతా ఒకే దారం (త్రెడ్) మీద నడుస్తుంది. వీఎస్ కోడ్‌లో ఎక్స్‌టెన్షన్లు వేరే ప్రాసెస్‌లో ఉంటాయి, ఒకటి పిచ్చెక్కినా టైపింగ్ ఆగదు. ఇక్కడ మన ఫంక్షన్ రెండు సెకన్లు తీసుకుంటే రెండు సెకన్లూ ఎడిటర్ బిగుసుకునే ఉంటుంది. 30లో ప్యాకేజీలని యంత్రభాషలోకి మార్చే పని దానంతటదే జరుగుతుంది, మొదటి రోజు ఫ్యాన్ గోల పెడుతుంది, హెచ్చరికల కిటికీలు లేస్తాయి, భయపడక్కర్లేదు. పెద్ద తెలుగు ఫైళ్ళలో స్క్రోల్ నిదానిస్తే బైడీ-పారాగ్రాఫ్-డైరెక్షన్‌ని ఎడమ-నుంచి-కుడికి అని కట్టెయ్యండి, విండోస్‌లో ఇన్‌హిబిట్-కంపాక్టింగ్-ఫాంట్-కాషెస్ ఆన్ చెయ్యండి.

కరెంటు పోయినప్పుడు

శ్రీకాకుళంలాంటి తుపాన్ల జిల్లాకి ఇది అదనపు సౌకర్యం కాదు, అవసరం. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానంలో కరెంటు సంగతి అందరికీ తెలిసిందే. యూపీఎస్ లేని డెస్క్‌టాప్ మీద కూడా ఈమాక్స్ 300 మీటలకి ఒకసారి, లేదా 30 సెకన్లు చేతులు ఆపితే ఒకసారి, ఫైల్ పేరుకి రెండువైపులా హాష్ గుర్తు పెట్టి నకలు దాస్తుంది. కరెంటొచ్చాక ఆ ఫైల్ తెరిస్తే కింద ఒక్క లైన్లో, రికవర్-దిస్-ఫైల్ చెయ్యమని సలహా ఇస్తుంది. ఆ లైన్ చూడకుండా పాత ఫైల్ మీదే రాసి సేవ్ కొట్టారంటే దాచిన నకలు చెరిగిపోవచ్చు. చాలా ఫైళ్ళు తెరిచి ఉండగా పోతే రికవర్-సెషన్. ఒక్క మినహాయింపు: స్క్రాచ్ బఫర్లో, ఇంకా పేరు పెట్టని బఫర్లో రాసింది దేనికీ దక్కదు. రాయడం మొదలెట్టేముందు ఫైల్‌కి పేరు పెట్టండి.

ముద్రణకి

ఆర్గ్-మోడ్‌లో (పత్రాలు రాసుకోడానికి ఈమాక్స్‌లోనే ఉన్న పద్ధతిలో) ప్రశ్నపత్రం రాసుకుని పీడీఎఫ్ తియ్యడం బాగుంటుంది, రెండు తిప్పలు దాటాక. పట్టికల్లో తెలుగు పెడితే నిలువు గీతలు వంకర్లు పోతాయి, మన అక్షరాల వెడల్పులు ఒకటి కావు కదా. వీఅలైన్ ప్యాకేజీ పిక్సెళ్ళ లెక్కన సర్దుతుంది. రెండోది, పీడీఎఫ్ కూర్చే పీడీఎఫ్‌లాటెక్ ప్రోగ్రాంతో తెలుగు రాదు, మొదటి అక్షరం దగ్గరే ఎర్రర్ ఇస్తుంది. ఆర్గ్-లాటెక్-కంపైలర్‌ని జీలాటెక్‌కి మార్చి, ఫాంట్ ఇచ్చే చోట స్క్రిప్ట్ ఈక్వల్స్ తెలుగు అని తప్పకుండా రాయాలి. అది వదిలేస్తే పీడీఎఫ్ వస్తుంది గానీ ఒత్తులు పక్కన కూర్చుంటాయి. యాభై కాపీలు జెరాక్స్ తీశాక తెలిసే తప్పు ఇది. కాలేజీ వాళ్ళు వర్డ్ ఫైలే కావాలంటే ఓడీటీగా ఎగుమతి చెయ్యొచ్చు, మిషన్లో జిప్ ప్రోగ్రాం ఉండాలి. లిబ్రే ఆఫీస్‌లో తెరిచాక ఫాంట్ మార్చేటప్పుడు పాశ్చాత్య ఫాంట్ గడిలో మార్చితే ఏమీ కదలదు, తెలుగుకి వర్తించేది సీటీఎల్ (కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్) ఫాంట్ గడి.